యూదు యాజకుల వంశం: రాసిపెట్టిన పట్టీ మేలా, చూసినవాళ్ల సాక్ష్యం మేలా?

బైబిల్లోని దినవృత్తాంతములు మొదటి గ్రంథంలో మొదటి 9 అధ్యాయాలూ దాదాపు పేర్లే. చాలాకాలం నేను ఆ పేజీలు తిప్పేసి పదో అధ్యాయానికి పోయేవాణ్ణి. ఆ పేర్ల మీదే కొన్ని కుటుంబాల తిండీ, పరువూ, పెళ్లిళ్లూ ఆధారపడి ఉండేవని తెలిశాక మళ్లీ వెనక్కి వచ్చి చదివాను. యాజకత్వం, అంటే ఆలయంలో బలులు అర్పించే పని, మోషే అన్న అహరోను సంతానానికే, అదీ తండ్రి వైపు నుంచే. సరే, ఫలానావాడు అహరోను సంతానమేనని తేల్చేదెలా? రాసి ఉన్న వంశావళి చూడాలి, లేదా ఎరిగినవాళ్లని అడగాలి.

రాతకున్న బలం మొహమాటం లేకపోవడం. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్లలో మూడు వంశాలు మేమూ యాజకులమే అన్నాయి, పట్టీలో వెతికితే పేర్లు దొరకలేదు, అంతే, పక్కన పెట్టేశారు (ఎజ్రా 2). ఊరీము తుమ్మీము (దేవుడి తీర్పు తెలుసుకోడానికి వాడే వస్తువులు) ఉన్న యాజకుడు వచ్చేదాకా అతిపరిశుద్ధమైన అర్పణలు తినొద్దన్నాడు అధికారి. దూరం కూడా అడ్డు కాలేదు. ఐగుప్తులోనో బబులోనులోనో ఉన్న యాజకుడు పెళ్లి చేసుకుంటే పెళ్లికూతురి పేరు, ఆమె తల్లిదండ్రులూ పూర్వీకుల పేర్లు, సాక్షులెవరో కూడా రాసి యెరూషలేముకు పంపేవాడని 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పాడు, తనూ యాజక వంశస్థుడే. యుద్ధం జరిగినప్పుడల్లా మిగిలినవాళ్లు పాత పట్టీలు చూసి కొత్తవి రాసుకునేవాళ్లట.

అయితే రాతకు నిప్పుతో ముప్పు. క్రీ.శ. 66లో రోమ్ మీద తిరగబడ్డవాళ్లు అప్పుపత్రాలు నాశనం చేయడానికి యెరూషలేములో దస్తావేజులు తగలబెట్టారు, 70లో ఆలయమే కాలిపోయింది. (యూదయ రాజు హేరోదు తన పుట్టుక దాచుకోడానికి వంశావళులు కాల్పించాడని కూడా అంటారు. అది రెండొందల ఏళ్లు దాటాక ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత రాసిన మాట, నాకంత నమ్మకం లేదు.)

ఇక సాక్ష్యం. నోటిమాటేగా అని తీసిపారేయకండి, చాలా తెలివిగా నడిపారు దీన్ని. "చిన్నప్పుడు వీడు బడి మధ్యలో వెళ్లి శుద్ధి కోసం నీళ్లలో మునిగొచ్చి యాజకులకిచ్చే పంట వాటా తినేవాడు, కళ్లంలో మాతోపాటు పంచుకునేవాడు" అని తోటివాడు పెద్దయ్యాక చెప్తే మిష్నా (యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం) ప్రకారం చెల్లుతుంది. ఎవరైనా వంశానికి తగని అమ్మాయిని చేసుకుంటే బంధువులు పళ్లు నింపిన పీపా తెచ్చి నలుగురూ తిరిగే చోట పగలగొట్టేవాళ్లు, తరతరాలకూ గుర్తుండాలని! పళ్లు దొరికిన పిల్లాడు ఆ రోజు మర్చిపోతాడా? పాపం ఆ పెళ్లికూతురి సంగతే ఎవరూ రాయలేదు.

నా లెక్కలో ఆలయం నిలిచి ఉన్నన్నాళ్లూ రాతే మేలు, ముఖ్యంగా ముక్కూ మొహం తెలియని ఊళ్ల మధ్య సంబంధాలకు. కానీ చివరిదాకా నిలబడింది రెండోదే. 12వ శతాబ్దానికే యూదు పండితుడు మైమోనిడీస్ ఈ కాలపు కోహెన్‌లు (హీబ్రూలో యాజకులు) వాడుకను బట్టే కోహెన్‌లని రాశాడు. ఇప్పటికీ సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) తోరా అనే ధర్మశాస్త్ర గ్రంథం చదివేటప్పుడు మొదట పిలిచేది కోహెన్‌నే. పట్టీ చూపించమని ఎవరూ అడగరు, వాళ్ల నాన్న చెప్పాడు, నాన్నకు తాత చెప్పాడు, తాత సమాధిరాయి మీద కోహెన్‌ల గుర్తయిన దీవిస్తున్న రెండు చేతుల బొమ్మ ఉంది.