"64 ఎపిసోడ్ల పూర్తి సెట్" అని రాసి ఉంటే కొనకండి: థండర్‌బర్డ్స్ డిస్కులతో నాకు జరిగింది

పాత థండర్‌బర్డ్స్ బొమ్మల సీరియల్ డిస్కులు కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. సోషల్ మీడియాలో పేజీ పెట్టుకుని పాత బ్రిటిష్ సీరియళ్లు అమ్మే ఒకతని దగ్గర నేను 6,800 రూపాయలు పోసి ఒక సెట్టు కొన్నాను. ఒరిజినల్ అన్నాడు, పూర్తి సెట్టు అన్నాడు. రెండూ అబద్ధమే. అతని పేరు ఇక్కడ రాయను. ఇలా అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, పేజీల పేర్లు నెలకోసారి మారుతుంటాయి. పేరు కంటే అతను వాడిన మాటలు గుర్తుపెట్టుకోవడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అసలు నాకు ఈ సీరియల్ మీద ఇంత మమకారం ఎందుకో చెప్పాలి. నాన్న డాక్టరుగా ఇంగ్లండ్ వెళ్లినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. 1991లో మేం స్లౌ ఊళ్లో దిగాం. ఆ ఏడాదే బీబీసీ టూలో థండర్‌బర్డ్స్‌ని మళ్లీ వేయడం మొదలుపెట్టారు. 1965లో మొదట ప్రసారమైన సీరియల్ అది, ఒక దీవి నుంచి రాకెట్లలో ఎగిరెళ్లి ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే బృందం కథ. శుక్రవారం సాయంత్రాలు నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా పక్కన కూర్చునేవారు. నాకు ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అయినా ఐదు, నాలుగు, మూడు అని లెక్క మొదలవగానే గుండె ఝల్లుమనేది. ఈత కొలను పక్కకి జరిగితే దాని అడుగు నుంచి రాకెట్టు లేచేది, తాటిచెట్లు పక్కకి వాలితే కొండలోంచి ఆకుపచ్చ విమానం బయటికొచ్చేది. నాన్న మొదటిరోజే అన్నారు, "ఇది మన కొయ్యబొమ్మలాటేనే, దారాల బదులు కరెంటు తీగలు కట్టారు" అని.

నాన్న అన్నది దాదాపు నిజం. ఆ బొమ్మలు 22 అంగుళాల ఎత్తు. ముందే రికార్డు చేసిన మాటలు కరెంటు సంకేతంగా మారి, బొమ్మని వేలాడదీసిన సన్నటి తీగల మీదుగానే తలలోకి వెళ్లి, అక్కడి సోలెనాయిడ్ అనే చిన్న కరెంటు అయస్కాంతం కింది పెదవిని కదిపేది. ఆ యంత్రం పట్టడానికే తలలు ఒంటికి మించి పెద్దవిగా చేశారు. తర్వాత 1967లో వచ్చిన కెప్టెన్ స్కార్లెట్‌లో దాన్ని ఛాతీలోకి మార్చాక తలలు మనుషుల కొలతలకి వచ్చాయి. నాకు మాత్రం ఆ పెద్ద తలలే ఇష్టం. ఇదంతా తయారైంది మా ఇంటికి కూతవేటు దూరంలో, స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లోని ఒక మామూలు షెడ్డులో అని మాకు అక్కణ్నుంచి వచ్చేసిన ఎన్నో ఏళ్లకి తెలిసింది. నాన్న రోజూ ఆ రోడ్డు మీదుగానే కారులో వెళ్లేవారట.

1992 క్రిస్మస్‌కి ట్రేసీ ఐలండ్, అంటే సీరియల్‌లో ఆ బృందం ఉండే దీవి, ఆటబొమ్మ కోసం ఊరంతా తిరిగాం, ఎక్కడా దొరకలేదు. దేశమంతా అదే కథ. ఆ వెంటనే బ్లూ పీటర్ అనే పిల్లల కార్యక్రమంలో దాన్ని ఇంట్లో చేసుకోవడం చూపించారు. అమ్మ అది చూసి అట్టపెట్టెలు, ఖాళీ పెరుగు డబ్బాలు, అన్నం మెతుకుల జిగురుతో మూడు రాత్రులు కూర్చుని చేసి ఇచ్చింది. 1996లో విశాఖ తిరిగొచ్చేటప్పుడు సామాన్లలో పట్టక దాన్ని అక్కడే వదిలేశాం. అమ్మ ఇప్పుడు లేదు.

ఇక కొనుగోలు సంగతి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు ఇరుక్కుపోతే, టీవీ ముందు నుంచి కదలని నా కూతురికి నాన్న ఈ సీరియల్ సంగతి చెప్పారు. దీనికి మూలం కూడా అలాంటి ప్రమాదమే. 1963లో పశ్చిమ జర్మనీలోని లెంగెడె గనిలోకి నీళ్లు వచ్చిపడితే, రెండు వారాల తర్వాత డ్రిల్లు వేసి 11 మందిని ప్రాణాలతో పైకి తీశారు. అది చూసిన సీరియల్ సృష్టికర్త జెర్రీ ఆండర్సన్‌కి, ప్రపంచంలో ఎక్కడ ప్రమాదం జరిగినా పెద్ద యంత్రాలతో ఎగిరొచ్చే బృందం అనే ఆలోచన వచ్చింది. మా అమ్మాయికి అప్పటికే 2015లో మొదలైన కొత్త రూపం తెలుసు. ఇంగ్లండ్‌లో ఉండే మా తమ్ముడింట్లో సెలవుల్లో థండర్‌బర్డ్స్ ఆర్ గో మూడు సీజన్లూ చూసేసింది. పాతది తాతయ్యతో కలిసి చూస్తానంది. నాన్నకి 78 నిండే రోజు దగ్గర పడుతోంది. సరే, ఆ రోజుకి తెప్పిద్దాం అనుకున్నాను.

ఆ పేజీలో ప్రకటన ఇలా ఉంది: "థండర్‌బర్డ్స్ కంప్లీట్, 64 ఎపిసోడ్లు, రీస్టోర్డ్, వైడ్‌స్క్రీన్, బ్లూ-రే క్వాలిటీ, ఆల్ రీజియన్." మిగతాచోట్ల 32 ఎపిసోడ్లే ఉంటే ఇతని దగ్గర 64 ఉన్నాయే అని సంబరపడ్డాను. యూపీఐలో నేరుగా కడితే 700 తగ్గిస్తానన్నాడు, కట్టేశాను.

ఈ సీరియల్‌కి ఉన్నవి 32 ఎపిసోడ్లే. ఒక్కోటి 50 నిమిషాల నిడివి. మొదట 25 నిమిషాల లెక్కన తీయడం మొదలుపెడితే, తొలి కథ చూసిన లూ గ్రేడ్ (డబ్బు పెట్టిన కంపెనీ అధిపతి) ఇది గంట కార్యక్రమం కావాల్సిందేనని పట్టుబట్టి పెంచమన్నాడు. తర్వాత అమెరికా స్టేషన్ల కోసం వాటినే సగానికి కోసి 64 ముక్కలు చేశారు. అందుకే ఎవరైనా 64 అంటే మీకు అమ్మేది కత్తిరించిన రూపమని అర్థం చేసుకోండి. నాకు వచ్చిన డిస్కుల్లో ఆ 64 కూడా లేవు. కూర్చుని లెక్కపెట్టాను, 51 ముక్కలున్నాయి. వాటిలోనూ నాలుగు రెండేసి సార్లు వచ్చాయి.

పుట్టినరోజు నాడు జరిగింది చెప్తాను. అమెరికా సైన్యం తాలూకు పెద్ద నడిచే యంత్రం నేల కుంగి గోతిలో పడిపోతుంది, లోపల ముగ్గురుంటారు, వేడి పెరుగుతుంటుంది. సరిగ్గా అక్కడ మొదటి భాగం అయిపోయింది. రెండో భాగం ఏ డిస్కులోనూ లేదు. ఒక్కొక్కటే మార్చి వెతుకుతున్నాను. మా అమ్మాయి "వాళ్లు బయటికొచ్చారా తాతయ్యా?" అని అడుగుతూనే ఉంది. చివరికి నాన్నే కళ్లు మూసుకుని, అయస్కాంతాలు అంటించి ఆ యంత్రాన్ని వాలు మీదకి ఎలా లాగారో చేతులతో చూపిస్తూ కథ పూర్తి చేశారు. పిల్ల సంతోషించింది. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది.

దొంగ సరుకుని ముందుగా పసిగట్టింది కూడా మా అమ్మాయే. ఇంకో ముక్కలో లేడీ పెనెలపీ డ్రైవరు పార్కర్ నోరు విప్పగానే "అమ్మా, ఇది పార్కర్ గొంతు కాదు" అంది. పాత సీరియల్ ఎప్పుడూ చూడని పిల్లకి ఆ గొంతెలా తెలుసు? 1965లో పార్కర్‌కి గొంతిచ్చిన డేవిడ్ గ్రాహమే, తొంభై ఏళ్లప్పుడు కొత్త రూపంలోనూ పార్కర్‌గా మాట్లాడాడు. ఆయన 2024లో 99 ఏళ్ల వయసులో పోయారు. మా అమ్మాయి చెవికి పట్టుబడింది, 1994లో అమెరికా టీవీ కోసం కొన్ని ఎపిసోడ్లకి గొంతులూ సంగీతమూ మార్చేసి కుదించిన రూపం. బ్యారీ గ్రే సంగీతం తీసేశాక ఇక ఆ సీరియల్‌లో ఏం మిగిలినట్టు? ఇతను అవీ ఇవీ కలిపి డిస్కులు నింపేశాడు.

"వైడ్‌స్క్రీన్" అనే మాట దగ్గర కూడా ఆగండి. అసలు చిత్రాన్ని 35 మి.మీ. ఫిల్ము మీద పాత టీవీ ఆకారంలో, అంటే 4:3లో తీశారు. దాన్ని నేటి టీవీ వెడల్పుకి నింపాలంటే పైనా కిందా కలిపి సరిగ్గా పావు వంతు కోసేయాలి. 2008లో బ్రిటన్‌లో వచ్చిన బ్లూ-రే కూడా ఇలా కోసిందే. బొమ్మలు నడిస్తే సహజంగా ఉండదని ఛాతీ నుంచి పైకి చూపించే షాట్లే ఈ సీరియల్‌లో ఎక్కువ. కోస్తే నుదురైనా పోతుంది, గడ్డమైనా పోతుంది. మొదటి కథలో ఫైర్‌ఫ్లాష్ విమానానికి ఇంజిన్లన్నీ తోక మీదే ఉంటాయి. మా డిస్కులో ఆ తోక తెర దాటిపోయి, ఇంజిన్లు ఎక్కడున్నాయో తెలియలేదు. డెరెక్ మెడింగ్స్ బృందం వేలెడంత వివరం కూడా వదలకుండా కట్టిన నమూనాలవి. టీవీలో రెండు పక్కలా నల్లటి పట్టీలు కనిపిస్తే అది లోపం కాదు, అలా ఉంటేనే పూర్తి చిత్రం వచ్చినట్టు. కొనేముందు 4:3 అనో 1.33 అనో అట్ట మీద రాసి ఉందా లేదా చూడండి, లేకపోతే అమ్మేవాణ్ని అట్ట వెనకవైపు ఫొటో పంపమనండి.

డిస్కు వచ్చాక తిరగేసి చూడండి. ఫ్యాక్టరీలో అచ్చయిన డీవీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది, రెండు పొరలుంటే కాస్త బంగారు ఛాయ వస్తుంది. ఇంట్లో రాసినది ఊదా రంగు కొడుతుంది. నాకు వచ్చిన ఐదూ ఊదా రంగువే. అసలు ఐదు మామూలు డీవీడీల్లో ఇది పట్టదు కూడా. 32 ఎపిసోడ్లంటే 26 గంటల పైమాటే, మామూలు డీవీడీలో మంచి నాణ్యతతో పట్టేది రెండు గంటలు. కుక్కి కుక్కి పెడితే ముఖాలు అలికేసినట్టవుతాయి. "బ్లూ-రే క్వాలిటీ" అనడంలోనూ కిటుకుంది, బ్లూ-రే డిస్కు ఇస్తానని అతను ఎక్కడా అనలేదు.

విదేశాల నుంచి అన్నతోనో తమ్ముడితోనో తెప్పించుకునేవాళ్లు రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. డీవీడీకి మనది 5, బ్రిటన్‌ది 2, అమెరికాది 1. బ్లూ-రేకైతే మనది సీ, వాళ్లవి బీ, ఏ. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు లేకపోతే అసలు సిసలైన డిస్కు కూడా మీ ఇంట్లో తిరగదు.

పేరు ఒకటే అని కూడా మోసపోవద్దు. 1982 నాటి జపాన్ కార్టూన్ ఒకటుంది, 2004లో మనుషులతో తీసిన సినిమా ఉంది, 2015 నాటి కొత్త సీరియల్ ఉంది. అన్నిటి అట్టల మీదా థండర్‌బర్డ్స్ అనే ఉంటుంది. ఆ సినిమా జెర్రీ ఆండర్సన్‌కే నచ్చలేదు, నాకూ నచ్చలేదు. 2015ది మాత్రం నేను సమర్థిస్తాను. ముఖాలు కంప్యూటరువే అయినా, దీవినీ కొండల్నీ న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ వాళ్లు నిజంగా చేత్తో కట్టారు. పాత లేడీ పెనెలపీ గొంతు సిల్వియా ఆండర్సన్‌ని కూడా పిలిచి అందులో పెనెలపీకి తాతల తరం బంధువైన పెద్దావిడ పాత్ర మాట్లాడించారు. నాన్న మాత్రం తీగ కనబడని బొమ్మ బొమ్మే కాదంటారు. ఆయన లాంటివాళ్ల కోసం 1960ల నాటి రికార్డుల్లోని అసలు గొంతులతో, పాత పద్ధతిలో నిజం బొమ్మలతోనే మూడు కొత్త ఎపిసోడ్లు అభిమానులు చందాలేసుకుని తీయించారు. ఎవరైనా అమ్మితే అవి వేరే అని తెలిసి కొనండి, 32లో కలిపి లెక్క చెబితే నమ్మకండి.

డబ్బు విషయానికొస్తే, వాపసు అడిగితే "సీలు తీశారు కదా మేడమ్" అన్నాడు. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. ఆ మాట రాసి పంపితే సగం ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, వాళ్లు తెలుగులోనే మాట్లాడారు. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, డిస్కుల అడుగు ఫొటోలు దగ్గరుండబట్టి పని తేలికైంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు, మీరు తప్పక తీయండి. ఏ షాపింగ్ సైటు ద్వారానో కొంటే డబ్బు ఆ సైటు దారిలోనే కట్టండి. 700 తగ్గుతుందని నేను నేరుగా కట్టడం వల్ల నా తరఫున అడగడానికి మధ్యలో ఎవరూ లేకుండా పోయారు.

తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. 4:3లో ఉన్న సెట్టు వెతికి పట్టుకున్నాడట, అట్ట వెనక ఫొటో తీసి పంపాడు, 32 అనే ఉంది. ఆ గోతిలో పడ్డ ముగ్గురి కథే ముందు పెట్టాలని మా అమ్మాయి ఇప్పటి నుంచే చెబుతోంది. నిన్న రాత్రి మళ్లీ ఆ పేజీ చూశాను. ప్రకటన అలాగే ఉంది, అదే 64, అదే వైడ్‌స్క్రీన్. ధర మాత్రం 5,999కి తగ్గించాడు. కింద ఒకావిడ "మా నాన్నగారి కోసం కావాలి, ఎలా కట్టాలి?" అని అడిగారు. ఆవిడకి మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు. మీలో ఎవరైనా ఆవిడైతే, దయచేసి కట్టకండి.