బ్రెస్ట్ సర్జరీ తర్వాత వాడే "న్యాచురల్ హీలింగ్ కిట్" కొనేవాళ్ళు జాగ్రత్త

బ్రెస్ట్ సర్జరీ అయినవాళ్ళు, అవ్వబోయేవాళ్ళు, వాళ్ళని చూసుకుంటున్న ఇంట్లోవాళ్ళు, దయచేసి ఒకసారి చదవండి. ఆన్‌లైన్‌లో "ఆపరేషన్ గాయం సహజంగా మానడానికి" అని ఒక కిట్ అమ్ముతున్నారు. ఆకుల బొమ్మలేసిన అట్టపెట్టె, లోపల ఒక నూనె సీసా, క్యాప్సూల్స్, ఆర్నికా అనే మొక్క పేరుతో హోమియో మాత్రలు, ఒక "హీలింగ్ బ్రా", వేడి చేసి పెట్టుకునే ఒక చిన్న సంచి, ఏది ఎప్పుడు వాడాలో చెప్పే ఒక కాగితం. మా అక్కకి ఒక పక్క రొమ్ము తీసేశారు, చంకలో లింఫ్ గ్రంథులు కూడా కొన్ని తీశారు, తన కోసం తెప్పించాం. డబ్బు పోతే పోయింది, దానివల్ల అక్క పడ్డ బాధ చూశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు నూనె సంగతి. సీసా మీద పెద్ద అక్షరాలతో "మొదటి రోజు నుంచే కుట్ల మీద రాయొచ్చు" అని ఉంది. అక్క పైన వేసిన పట్టీలు ఊడిపోయేదాకా ఆగి, అప్పుడు కుట్ల వెంబడి కాస్త రాసుకుంది, మర్నాటికల్లా ఎర్రగా దద్దుర్లు లేచి ఒకటే దురద, చంక వైపు కుట్టు చివర చర్మం కొంచెం విడిపోయి తడితడిగా నీరు. చీము పట్టిందేమో అని హడలిపోయి హాస్పిటల్‌కి పరిగెత్తాం. డాక్టర్ గారు చూసి ఇన్ఫెక్షన్ కాదమ్మా, ఏదో రాశారు, అది పడలేదు అన్నారు. సీసా చూపిస్తే వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి తల పట్టుకున్నారు. విటమిన్ ఇ, టీ ట్రీ ఆయిల్, లావెండర్, ఆర్నికా, అన్నీ కలిపి కొట్టేశారు అందులో.

విటమిన్ ఇ రాస్తే మచ్చలు పోతాయని మనందరం వింటూనే ఉంటాం కదా, 1999లో ఆపరేషన్ మచ్చల మీద ఒక చిన్న స్టడీ చేశారు, రాసుకున్నవాళ్ళలో మూడో వంతు మందికి దద్దుర్లు వచ్చాయి, మచ్చ సంగతికొస్తే ఎక్కువమందికి ఏ తేడా లేదు, కొందరికి ఇంకా పాడైంది. టీ ట్రీ, లావెండర్ లాంటి ఘాటు నూనెలు ఏ గాయం లేని చర్మానికే కొందరికి పడవు. ఆర్నికా క్రీమ్ తెగిన చర్మం మీద రాయొద్దని సరైన కంపెనీలు ట్యూబ్ మీదే వేస్తాయి, వీళ్ళు మాత్రం తెగిన చోటే రాయమంటున్నారు.

ఇంటికొచ్చాక బ్యాచ్ నంబర్ కోసం సీసా తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా లేదు. తయారీ తేదీ లేదు, ఎవరు తయారుచేశారో అడ్రస్ లేదు. లేబుల్ మూల కాస్త లేచి ఉంటే గోటితో గీకాను, కింద ఇంకో లేబుల్! దాని మీద గర్భిణులకి పొట్ట మీద చారలకి రాసే నూనె అని ఉంది. అంటే అదే నూనెకి పైన కొత్త స్టిక్కర్ అంటించి సర్జరీ పేషెంట్లకి అంటగడుతున్నారన్నమాట. మీ దగ్గర ఈ కిట్ ఉంటే వెంటనే లేబుల్ మూల లేపి చూడండి.

ఇక క్యాప్సూల్స్, నాకు అన్నిటికంటే భయం వేసింది వీటికే. వెనకాల "ప్రొప్రైటరీ బ్లెండ్" అని మొత్తం కలిపి ఒక మిల్లీగ్రాముల లెక్క వేసి వదిలేశారు, ఏది ఎంత ఉందో లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి, కర్కుమిన్ (పసుపులో ఉండే పదార్థం), మిరియాల సారం, బ్రోమెలైన్ (అనాసపండు నుంచి తీసేది), జింకో (ఒక చెట్టు ఆకుల సారం), వెల్లుల్లి సారం, రెడ్ క్లోవర్ (ఒక మొక్క). వీటిలో జింకో, వెల్లుల్లి సారం, బ్రోమెలైన్, కర్కుమిన్ రక్తం గడ్డకట్టే పనికి అడ్డం పడొచ్చు, అందుకే ఇలాంటి హెర్బల్ సప్లిమెంట్స్ ఆపరేషన్‌కి సుమారు రెండు వారాల ముందే ఆపేయమని మత్తు డాక్టర్లు చెప్తారు. ఈ కాగితం మీదేమో "సర్జరీకి పది రోజుల ముందు నుంచి మొదలుపెట్టి తర్వాత కూడా ఆపకుండా వాడండి" అని ఉంది!! లోపల రక్తం కారి గడ్డకట్టి రొమ్ము ఒక్కసారిగా వాచిపోతే మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళాల్సి వస్తుంది, అది తెలిసినవాడెవడూ ఇలా రాయడు.

అక్కకి ఇంకో చిక్కు కూడా ఉంది, తను టామాక్సిఫెన్ వాడుతోంది, రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే మాత్ర అది. ఆ మందు ఒంట్లోకి వెళ్ళాక ఎండాక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. 2019లో నెదర్లాండ్స్‌లో వచ్చిన ఒక చిన్న స్టడీలో కర్కుమిన్ సప్లిమెంట్ తీసుకున్నవాళ్ళ రక్తంలో ఆ ఎండాక్సిఫెన్ తగ్గింది, మిరియాల సారం కూడా కలిస్తే ఇంకా ఎక్కువ తగ్గింది. వంటలో పడే చిటికెడు పసుపు గురించి కాదు నేను చెప్పేది, సప్లిమెంట్ డోసుల గురించి. రెడ్ క్లోవర్‌లో ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలు ఉంటాయి, ఈస్ట్రోజెన్ పాజిటివ్, అంటే ఆ హార్మోన్ వల్ల పెరిగే రకం క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఆ సప్లిమెంట్‌కి దూరంగా ఉండాలనే డాక్టర్లు అంటారు. బ్రెస్ట్ సర్జరీ పేషెంట్లకే అని పేరు పెట్టి అమ్ముతూ అందులో రెడ్ క్లోవర్ వేశారంటే ఏమనాలి వీళ్ళని? అక్క అదృష్టం కొద్దీ ఆ సీసా మూత తీయలేదు.

ఆర్నికా మాత్రల గురించి ఎక్కువ చెప్పను. హోమియో 30సి అంటే వందో వంతుకి పలచన చేయడం ముప్పై సార్లు, అసలు పదార్థం అణువు కూడా మిగలదు, కాబట్టి హానీ ఉండదు, ప్రయోజనం ఎంతుంటుందో మీరే ఆలోచించుకోండి. పలచన చేయని ఆర్నికా లోపలికి తీసుకుంటే మాత్రం విషమే. ఈ డబ్బా మీద ఎంత పలచన చేశారన్నదే లేదు, అందుకని ఎవరూ వాడకుండా, పారేయకుండా సాక్ష్యం కోసం అలాగే దాచాను.

బ్రా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హుక్స్ వెనక వీపు దగ్గర ఉన్నాయి. చంకలో గ్రంథులు తీసిన మనిషి చెయ్యి వెనక్కి ఎలా తిప్పుతుంది అండీ, భుజం ఎత్తు దాకా లేపడానికే కళ్ళల్లో నీళ్ళు వస్తుంటే? పైగా కింద గట్టి ఎలాస్టిక్, దాని లావుపాటి కుట్టు సరిగ్గా రొమ్ము కింది మడతలో, కొందరికి ఆపరేషన్ కోత ఉండేది అక్కడే. ఆపరేషన్ చోట చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం రావడానికి దారి లేదు, దాని బుడ్డి పెట్టుకోవడానికి చిన్న జేబు లేదు. ముందు వైపు తెరుచుకునేది, వైరు లేనిది, లోపల కుట్లు మెత్తగా ఉన్నది చూసుకోండి, ఎంత బిగుతు ఉండాలో మీ సర్జన్‌ని అడగండి, ఎందుకంటే ఒక్కో ఆపరేషన్‌కి ఒక్కోలా చెప్తారు.

వేడి సంచి గురించి తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్‌లో చర్మం కింద నరాలు తెగుతాయి, ఆ చోటంతా మొద్దుబారిపోతుంది, కొందరికి నెలలు, కొందరికి ఎప్పటికీ. వేడి ఎంత తగిలిందో తెలియదు. ఇలా వేడి సంచులు పెట్టుకుని కాలి బొబ్బలెక్కినవాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా తీసేసిన రొమ్ము స్థానంలో ఆపరేషన్‌తో మళ్ళీ కొత్తది చేయించుకున్నవాళ్ళలో. ఐస్ కూడా అంతే, మొద్దుబారిన చోట నేరుగా పెడితే చర్మం దెబ్బతింటుంది. ఆ కాగితంలో "ఎంత వేడి ఓర్చుకోగలిగితే అంత వేడి" అని ఉంది చూడండి, స్పర్శే లేని మనిషి ఏం ఓర్చుకుంటుంది.

అప్పుడు అమ్మినవాళ్ళతో చాట్ మొదలుపెట్టాను, ఫొటోలు పంపాను. వాళ్ళ జవాబు ఇది: "మేడమ్ అది రియాక్షన్ కాదు మేడమ్, హీలింగ్ క్రైసిస్ అంటారు, లోపలి టాక్సిన్స్ బయటికి వస్తున్నాయి, ఆపకుండా రోజుకి రెండుసార్లు రాయండి." డాక్టర్ రాసిచ్చిన కాగితం పెట్టాక మాట మారింది, సీల్ తెరిచారు కాబట్టి డబ్బు వాపస్ కుదరదన్నారు. సీల్ తెరవకుండా రియాక్షన్ ఎలా వస్తుందని అడిగితే చాట్ క్లోజ్. నేను పెట్టిన రివ్యూ పొద్దున ఉంది, సాయంత్రానికి లేదు. ఇంకో దెబ్బ ఏంటంటే ఆర్డర్ చేసేటప్పుడు కింద ఒక బాక్సులో ముందే టిక్ పెట్టి ఉంచారు, దానివల్ల ప్రతి నెలా కొత్త కిట్ పేరుతో కార్డు నుంచి డబ్బు కట్ అవుతుంది. బ్యాంక్‌కి ఫోన్ చేసి ఆ కార్డు ఆపించి కంప్లైంట్ పెట్టాం, ఇంకా తేలలేదు. మీకూ ఇలా జరిగితే చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, తర్వాత కనిపించవు, సీసాలు పారేయకండి.

సహజంగా మానడానికి ఏమీ చేయలేమా అంటే చేయొచ్చు, వాటిలో చాలావాటికి కిట్ అక్కర్లేదు. హాస్పిటల్‌లో సిస్టర్ అక్కని కూర్చోబెట్టి చెప్పినవి రాస్తున్నా. ప్రోటీన్ బాగా కావాలి, ఆపరేషన్ తర్వాత ఒంటి బరువు కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా రోజుకి పడాలంటారు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తినాలి. కొల్లాజెన్ తయారవ్వడానికి విటమిన్ సి కావాలి, జింక్ కావాలి, మామూలుగా తినగలిగేవాళ్ళకి భోజనంలోనే దొరుకుతాయి. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోవాలి. సిగరెట్ అసలు వద్దు, ఈ-సిగరెట్ (వేప్) కూడా వద్దు, నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, చర్మానికి రక్తం అందక నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. నడవాలి, పడుకునేటప్పుడు వీపు కింద ఎత్తు పెట్టుకోవాలి, చెయ్యి కదపకుండా దాచుకోకూడదు, ఫిజియో చెప్పిన వ్యాయామాలు మెల్లగా చేయాలి. గ్రంథులు తీసిన పక్క చెయ్యి వాపు ఏళ్ళ తర్వాత కూడా రావొచ్చు కాబట్టి ఆ చేతికి దెబ్బలు, కాలిన గాయాలు తగలకుండా చూసుకోవాలి. డ్రెయిన్‌లో ఎంత వచ్చిందో రోజూ కొలిచి రాయాలి, చాలాచోట్ల రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి వచ్చాక తీస్తారు.

మచ్చకైతే గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ షీట్ గానీ జెల్ గానీ, షీట్ అయితే రోజుకి 12 గంటలకి పైగా, కనీసం రెండు మూడు నెలలు. ఎండ తగలనివ్వకూడదు. మచ్చ ఎర్రదనం తగ్గి మెత్తబడడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, పూర్తిగా మానాక కూడా ఆ చర్మానికి మునుపటి బలంలో 80 శాతమే వస్తుంది. వీళ్ళ డబ్బా మీదేమో "21 రోజుల్లో మచ్చ మాయం"!

ఏ క్రీమ్ రాస్తున్నా, రాయకపోయినా ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి: 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ఎరుపు పాకుతూ పోవడం, చీము, వాసన, ఒక పక్క ఉన్నట్టుండి గట్టిగా వాచిపోవడం. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళండి. మాలా చాట్‌లో కూర్చుని "హీలింగ్ క్రైసిస్" పాఠాలు వినకండి.

అక్కకి ఇప్పుడు నయమే, డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో దద్దుర్లు తగ్గాయి, విడిపోయిన చోట కూడా మూసుకుంది. కానీ ఈ మధ్య అదే కిట్ వేరే పేరుతో మళ్ళీ యాడ్‌లో వచ్చింది, పెట్టె రంగు మార్చారు, రివ్యూలు మాత్రం మక్కీకి మక్కీ పాతవే. గుర్తుపట్టడానికి తేలిక, నాలుగో ఫొటోలో సూచనల కాగితం ఉంటుంది, జూమ్ చేసి చూడండి, "ఎంత వేడి ఓర్చుకోగలిగితే అంత వేడి" అన్న లైన్ ఉంటే వాళ్ళే.