గోదావరి డెల్టాలో మూడు రోజుల ఉపవాస కూడిక: వెళ్లి వచ్చినవాడి మాట

ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసిన నాకు రేపటి సంగతి ఈ రోజే తేల్చుకోకపోతే నిద్ర పట్టదు. పదవీ విరమణ తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. మోకరించినప్పుడు సైతం నేను ముందే నిర్ణయించుకున్నదాన్ని దేవుని ముందు పెట్టి, ఆయన చేత సంతకం చేయించుకోవాలని చూస్తున్నానని ఈ మధ్యనే గ్రహించాను. అందుకే నరసాపురం వైపు ఒక ప్రార్థనా మందిరం వారు "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్న బైబిలు మాటను (సామెతలు 3:5) అంశంగా తీసుకొని మూడు రోజుల ఉపవాస కూడిక పెడుతున్నారని తెలియగానే పేరు నమోదు చేయించుకున్నాను.

వసతి సాదాసీదాగా ఉంది. హాలులో చాపల మీదే పడక, స్త్రీలకు విడిగా గదులు, దోమతెర ఎవరిది వారే తెచ్చుకోవాలి. సాయంత్రం ఉపవాసం విరమించేటప్పుడు వేడి గంజి, నిమ్మకాయ పచ్చడి పెట్టారు.

వాక్య ధ్యానం కోసం మాత్రం ఎంత దూరం నుండైనా రావచ్చు. మొదటి ఉదయమంతా న్యాయాధిపతులు 7వ అధ్యాయం మీదనే గడిచింది. మిద్యానీయులతో యుద్ధానికి వెళ్తున్న ఇశ్రాయేలు నాయకుడు గిద్యోను దగ్గర ఉన్న 32,000 మందిలో భయపడిన 22,000 మంది వెనుదిరగడం, మిగిలిన 10,000 మంది నీళ్ల దగ్గర 300 మందికి తగ్గిపోవడం చిన్ననాటి నుండి వింటున్న కథే. అయినా వాక్యం చెప్పిన పెద్దాయన ప్రతి అంకె దగ్గర ఆగి, "ఈ సంఖ్యతో మీరైతే యుద్ధానికి వెళ్తారా?" అని అడుగుతుంటే, బలం తగ్గించినవాడు శత్రువు కాదనీ, గెలుపు తమ చేతిదేనని ఇశ్రాయేలీయులు అతిశయపడకుండా దేవుడే తగ్గించాడనీ నాకు మొదటిసారి గుచ్చుకున్నట్టు తెలిసింది. మరునాడు అపొస్తలుడైన పౌలు రాసిన 2 కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చదివారు. పౌలు అంతటివాడు బ్రదుకుతామనే ఆశ వదులుకున్న చోటనే, తన మీద తాను నమ్మిక ఉంచకుండా మృతులను లేపే దేవుని నమ్మడం నేర్చుకున్నాడన్న మాట దగ్గర హాలులో చాలామంది కన్నీళ్లు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం ఈ ప్రాంతపు చరిత్ర చెప్పారు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే ఇంగ్లండు మిషనరీ వెంట మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఏ మిషను జీతమూ లేకుండా దేవుడే పోషిస్తాడని నమ్మి ఈ డెల్టాలో పని మొదలుపెట్టారు. గ్రోవ్స్ బావగారైన జార్జి ముల్లర్ అదే ఏట బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచి, ఎవరినీ డబ్బు అడగకుండా తన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలను పోషించాడు. వచ్చిన ప్రతి కానుకనూ లెక్క రాసి ఏటేటా నివేదిక ప్రచురించేవాడని చెప్పినప్పుడు, నాలోని బ్యాంకు ఉద్యోగికి ఎంతో ఊరట కలిగింది. ఈ మందిరంలోనూ రుసుము లేదు, కానుకల కోసం ప్రకటన లేదు. తలుపు పక్కన ఒక చెక్క పెట్టె, దాని పైన గోడకు గత కూడిక జమాఖర్చుల కాగితం ఉన్నాయి. బియ్యం, గ్యాసు, కరెంటు బిల్లు వరకు చేతిరాతతో రాసి ఉన్న ఆ కాగితాన్ని నేను రెండుసార్లు చదివాను.

ఒక్క విషయంలో నాకు చాలా బాధ కలిగింది. రెండవ రోజు సాయంత్రం ప్రశ్నల సమయంలో ఒక యువ సేవకుడు, షుగరు ఉన్న ఒక తల్లితో "విశ్వాసముంటే మాత్రలు ఎందుకమ్మా?" అన్నారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా, ఆయనను "ప్రియుడైన వైద్యుడు" అని పౌలే రాశాడు కదా! నేను లేచి ఆ మాటే అన్నాను. పెద్దాయన వెంటనే సరిదిద్ది, మందులు వాడేవారు ఉపవాసం ఉండనక్కరలేదని అందరికీ చెప్పి, ఆ తల్లికి అప్పుడే అన్నం పెట్టించారు. అయితే పేరు నమోదు చేసేటప్పుడే ఆరోగ్యం సంగతి అడిగి ఉండవలసింది. నిర్వాహకులకు ఉత్తరం కూడా రాశాను.

షుగరు, బి.పి. ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి వెళ్లండి, మాత్రలు వెంట ఉంచుకోండి. వచ్చే శ్రమకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో) జరిగే కూడికకు మా ఆవిడను కూడా తీసుకువెళ్తున్నాను. ఆమెకు ఉదయం, రాత్రి బి.పి. మాత్ర ఉంది కాబట్టి ఆమె ఉపవాసం ఉండదని ముందుగానే వారికి ఫోను చేసి చెప్పాను.