లాప్‌టాప్ వైరు పెడితే తెర దిగుతుంది: మూడేళ్ల వాడకం తర్వాత

విశాఖలో మా ఆఫీసు మీటింగ్ రూమ్ నేనే చూసుకుంటాను. పద్నాలుగు కుర్చీల గది. ఒకప్పుడు అక్కడ ప్రతి మీటింగూ రిమోట్ వెతకడంతోనే మొదలయ్యేది. రిమోట్ దొరికితే బ్యాటరీలు ఉండేవి కావు. అవీ ఉంటే తెర స్విచ్ ఎక్కడుందో కొత్తవాళ్లకు తెలిసేది కాదు.

టేబుల్ కింద హెచ్‌డీబేస్‌టీ ట్రాన్స్‌మిటర్ (లాప్‌టాప్ బొమ్మను దూరానికి పంపే డబ్బా) పెట్టించింది మాత్రం దీనికోసం కాదు. పొడవాటి హెచ్‌డీఎంఐ వైరు బదులు ఒక్క క్యాట్ సిక్స్ నెట్‌వర్క్ కేబుల్‌తో బొమ్మ ప్రొజెక్టర్ దాకా వెళ్తుందని పెట్టించాం. బొమ్మ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నాకు దీనిమీద ఇష్టం పెరిగింది వెనకవైపున్న ఆకుపచ్చ కనెక్టర్ల వల్ల. ఒకటి ప్రొజెక్టర్‌కి ఆదేశాలు పంపే ఆర్ఎస్ 232 సీరియల్ పోర్టు, పక్కన రెండు రిలేలు, అంటే డబ్బా తనంతట తానే నొక్కే స్విచ్‌లు. ఆరు నెలల దాకా వాటిని నేను ముట్టుకోనే లేదు.

సీరియల్ పోర్టుకి మూడే వైర్లు: పంపేది, అందుకునేది, గ్రౌండ్. సీలింగ్ మీదున్న దాని జత రిసీవర్ నుంచి ప్రొజెక్టర్‌కి చిన్న ముక్క కలిపితే చాలు, మిగతా దూరమంతా ఆదేశాలు అదే క్యాట్ సిక్స్‌లో వెళ్తాయి. కొత్త కేబుల్ లాగక్కర్లేదు. అయినా నాకు ఒక పూట పట్టింది. వేగం 9600 సరిగానే పెట్టాను, పంపే వైరూ అందుకునే వైరూ మార్చి చూశాను, ప్రొజెక్టర్ ఉలకలేదు, పలకలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆదేశం చివర క్యారేజ్ రిటర్న్ (ఆదేశం ముగిసిందని చెప్పే గుర్తు) చేర్చలేదు. అది లేకపోతే ఆదేశం ఇంకా పూర్తి కాలేదనుకుని ప్రొజెక్టర్ ఎదురుచూస్తూనే ఉంటుంది.

తెర సంగతి వేరు. మా ఎలక్ట్రీషియన్ మోటారు వైర్లు తెచ్చి నేరుగా రిలేకి బిగించబోయాడు. "అన్నా, ఆగు, అది 230 వోల్టులు" అని ఆపాను. మా డబ్బా రిలే తట్టుకునేది 24 వోల్టులు, ఒక ఆంపియర్. మధ్యలో తెరతో పాటు అమ్మే లో వోల్టేజ్ కంట్రోల్ బాక్సు ఉండి తీరాలి. రిలే చేసేదల్లా ఒక్క సెకను రెండు వైర్లు కలిపి వదిలేయడమే, మనం గోడ మీద బటన్ నొక్కినట్టు. ఒక రిలే దించడానికి, ఇంకొకటి ఎత్తడానికి.

సిగ్నల్ వస్తే రెండూ ఆన్ చేయాలని, పోతే ఆపాలని ట్రాన్స్‌మిటర్‌లో పెట్టి, ఆ సాయంత్రం లాప్‌టాప్‌కి వైరు తగిలించాను. తెర దిగడం మొదలైంది, ప్రొజెక్టర్ వెలిగింది. వైరు తీసిన అర నిమిషానికి ప్రొజెక్టర్ ఆగింది, తెర పైకి వెళ్లింది, వాటంతటవే. లక్షలు పోసి కంట్రోల్ ప్రాసెసర్ (గదిలోని పరికరాలన్నిటినీ నడిపే యంత్రం) కొనాల్సిన పని ఈ డబ్బాతో అయిపోయిందని నలుగురికీ చెప్పాను.

ఏడాదిన్నర తర్వాత ఒక మీటింగ్‌లో, బయటి క్లయింట్లు కూర్చుని ఉండగా, మా ఫైనాన్స్ సార్ ఒకే స్లైడు మీద చాలాసేపు మాట్లాడారు. లాప్‌టాప్ ఛార్జర్‌కి పెట్టలేదు. ఎవరూ ముట్టుకోకపోవడంతో దాని స్క్రీన్ నిద్రలోకి వెళ్లింది. సిగ్నల్ పోయింది కాబట్టి వైరు తీసేశారని ట్రాన్స్‌మిటర్ అనుకుంది. అర నిమిషానికి ప్రొజెక్టర్ ఆగింది, ఆయన మాట్లాడుతుండగానే వెనక తెర పైకి వెళ్లిపోయింది. ఆయన కంగారుగా కీబోర్డు తాకారు. సిగ్నల్ వచ్చింది, తెర మళ్లీ దిగింది, కానీ ప్రొజెక్టర్ వెలగలేదు. మాది ల్యాంప్ ప్రొజెక్టర్. ఆపాక ఒకటిన్నర నిమిషం ఫ్యాను తిరుగుతుంది, ఆలోపు ఆన్ ఆదేశం తీసుకోదు. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయమని ఒక్కసారి పంపి ఊరుకుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి గదంతా ఖాళీ తెర వైపు చూస్తోంది. "ఏమైందయ్యా?" అన్నారు సార్. రిమోట్ ఎక్కడుందో నాకూ తెలియలేదు. ఇక అక్కర్లేదని నేనే ఎక్కడో పెట్టేశాను. ఆ రెండు మూడు నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు సిగ్నల్ పోయాక ఆగే సమయాన్ని అర నిమిషం నుంచి పదిహేను నిమిషాలకు పెంచాను. ఆన్ ఆదేశం వంద సెకన్ల తర్వాత ఇంకోసారి వెళ్లేలా మాక్రోలో, అంటే ట్రాన్స్‌మిటర్ వరుసగా పంపే ఆదేశాల జాబితాలో, చేర్చాను. ఆ గదిలోకి వచ్చే లాప్‌టాప్‌లు ఛార్జర్‌కి పెట్టాలని టేబుల్ మీద కాగితం అంటించాను. మళ్లీ అలా జరగలేదు.

కానీ ఆ రోజే ఒక సంగతి అర్థమైంది. ప్రొజెక్టర్‌ని "నువ్వు వెలిగి ఉన్నావా, చల్లారుతున్నావా" అని అడగొచ్చు, అది జవాబూ చెబుతుంది. ఆ జవాబు ట్రాన్స్‌మిటర్ వెబ్ పేజీలో కనిపిస్తుంది కూడా. ఆ జవాబును బట్టి ఏం చేయాలో నిర్ణయించుకోవడం మాత్రం ఈ డబ్బాకి రాదు, పంపడమే తెలుసు. రెండో ఆదేశం నేను అంచనా మీద పెట్టిందే. ప్రాసెసర్ అక్కర్లేదని చెప్పిన మాట మా గది వరకే నిజం.

కరెంటు విషయం కూడా చూసుకోవాలి. మాకు ట్రాన్స్‌మిటర్ యూపీఎస్ మీద, తెర మోటారు మామూలు కరెంటు మీద ఉన్నాయి. మీటింగ్ అయిపోయే వేళకి కరెంటు పోతే ఎత్తమనే ఆదేశం వృథా అయి, తెర రాత్రంతా దిగే ఉంటుంది.

ఒక ప్రొజెక్టర్, ఒక తెర, ఒక లాప్‌టాప్ ఉన్న గదికి నేనైతే మళ్లీ ఇదే కొంటాను. లేజర్ ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకు చల్లారే ఇబ్బంది అంతగా ఉండదు కాబట్టి నాకంటే హాయిగా వాడుకుంటారు. కెమెరా, మైకులు, రెండు తెరలు ఉన్న మా పెద్ద హాలుకి మాత్రం ఈ ఏడాది ప్రాసెసర్ కోసమే కొటేషన్ అడిగాను. చిన్న గది రిమోట్ ఇప్పుడు టేబుల్ సొరుగులో ఉంది, రెండు కొత్త బ్యాటరీలతో.