తలుపులు తెరుచుకోని ఎవైయా: ఏడాదిన్నర తర్వాత

రేసర్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి పేరు మీద బ్రిటిష్ కంపెనీ లోటస్ చేసిన ఎవైయా ఎలక్ట్రిక్ కార్లు మొత్తం ఎనిమిదే. అసలు కారు నాకెక్కడిది! నా దగ్గరున్నది అసలు కారులో పద్దెనిమిదో వంతు (1:18) ఉండే రెసిన్ మోడల్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పోత పోసిన బొమ్మ, పొడవు పాతిక సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఏడాదిన్నరగా రాసుకునే బల్ల మీదే ఉంది. దాని మీద నాకున్న కోపం ఒక్కటే: తలుపులు తెరుచుకోవు.

రెసిన్ మోడళ్లలో ఇది మామూలే, కొనేటప్పుడు తెలుసు కూడా. కానీ ఈ కారులో అసలు సరుకంతా లోపలే ఉంది. 1972లో ఫిట్టిపాల్డి 25 ఏళ్లకే ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయింది లోటస్ రేసు కారు టైప్ 72తో. అసలు ఎవైయాలో తిప్పే డయల్‌ను ఆ పాత టైప్ 72 అల్యూమినియంతోనే చేశారు. డ్యాష్‌బోర్డు మీద ఆయన సంతకం చేత్తో కుట్టారు. నలుపు, బంగారు రంగులు ఏ కారుకైనా వేసుకోవచ్చు, ఈ డయల్, ఈ సంతకం మాత్రం దీనికే. ఫోన్ టార్చ్ వేసి అద్దంలోంచి తొంగి చూస్తే నాకు కనిపించేది నా ముక్కే.

ఆరో నెలలో ఒకరోజు కారు ఎత్తితే లోపల ఏదో టకటకమంది. స్టీరింగ్ ఊడి సీటు కిందికి దొర్లింది. తలుపు ఉంటే పట్టకారుతో నిమిషం పని. లేదు కాబట్టి తిరగేసి అడుగున ఉన్న నాలుగు స్క్రూలూ విప్పాను, టెన్షన్‌తో చేతులు వణుకుతుండగా. పై భాగం ఊడి వచ్చాక భూతద్దం పెట్టి చూస్తే... సంతకం ఉంది! వెంట్రుకవాసి గీతలతో, బంగారు రంగులో. తలుపులే లేని బొమ్మలో అది ఎవరి కంట పడుతుందని అచ్చేశారో! స్టీరింగ్ సంగతి మరిచిపోయి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. డయల్ మాత్రం వెండి రంగు చుక్క, అంతే.

తర్వాతి తెలివితక్కువ పని నాదే. స్టీరింగ్‌ను సూపర్‌గ్లూతో అంటించి, ఆరకముందే మూసేశాను. ఆ జిగురు ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే అద్దాల మీద తెల్లగా పేరుకుంటుంది. తెల్లారేసరికి ముందు అద్దం సగం మసకబారింది. మళ్లీ విప్పుదామంటే ఒక స్క్రూ రంధ్రం అప్పటికే అరిగిపోయింది. అలాగే వదిలేశాను.

కొన్న వారంలో ఓ మిత్రుడితో బంగారు గీతల్లో వంక పెట్టడానికి లేదన్నాను. ఇప్పుడు ఎడమ వెనక చక్రం పైన గీత అంచు లేచింది. నేను పెయింట్ అనుకున్నది స్టిక్కరట! గోరుతో నొక్కితే కూర్చుంటుంది, నాలుగు రోజులకు మళ్లీ లేస్తుంది. పైకప్పు మీది టైప్ 72 బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. వెనక గాలి సొరంగాలు కూడా ఉత్త గుంటలు కావు, వేలు దూరదు గానీ వెలుతురు దూరుతుంది. దుమ్ము దులపడానికి మేకప్ బ్రష్ కావాలి.

కొనొచ్చా అంటే, గాజు పెట్టెలో పెట్టి దూరం నుంచి చూసుకునేవాళ్లు కొనొచ్చు. నాకేమో ప్రతిదీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసే జబ్బు. పక్కనే టైప్ 72 మోడల్ కూడా ఉంది కాబట్టి జంట విడదీయబుద్ధి కావట్లేదు. తలుపులు తెరుచుకునే డైకాస్ట్ (లోహంతో పోత పోసిన మోడల్) ఎవరైనా చేస్తే అప్పుడు చూద్దాం, అందులో కూడా సంతకం ఉంటేనే.