స్టేజి కింద చెరువున్న హాలు: లండన్ హిప్పోడ్రోమ్ చూసొచ్చేనండి

పిల్లల దగ్గరికి లండన్ వెళ్ళే మన అమలాపురం, రాజోలు, పాలకొల్లు వాళ్ళ కోసం రాస్తున్నానండి. ఆర్నెల్లు ఉందామని వెళ్తాం, టవర్ బ్రిడ్జి, రాజుగారి కోట, ఆ పెద్ద చక్రం చూసి ఫోటోలు దిగి వచ్చేస్తాం. నేనూ అలాగే వచ్చేసేవాణ్ణే కానీ బయల్దేరే ముందు మా బాబాయి ఒక్కటే అడిగేరు, "అక్కడ పాతకాలం నాటకాల హాలు ఏదన్నా ఉంటే చూసి చెప్పరా" అని. ఆయన నలభై ఏళ్ళు మన తీర్థాల్లో పద్యనాటకాలు ఆడిన మనిషి, సత్యభామ వేషం కడితే వన్స్‌మోర్ పడకుండా తెర దిగేది కాదు. ఆయన అడిగేక చూడకుండా ఎలాగొస్తాం.

మా అబ్బాయి తీసుకెళ్ళింది లండన్ హిప్పోడ్రోమ్‌కి. లెస్టర్ స్క్వేర్ స్టేషన్ మెట్లెక్కి బయటికి రాగానే చేరింగ్ క్రాస్ రోడ్డు మూల మీదే ఉంటుంది, పైన గుర్రాలు కట్టిన రథం బొమ్మ చూసి గుర్తుపట్టొచ్చు. ఇప్పుడది కాసినో. ఆ మాట వినగానే మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది, సంక్రాంతి కోడిపందాల బరి దగ్గరికి కూడా రాని మనిషి మరి. కానీ లోపలికెళ్ళడానికి టికెట్టు లేదు, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఆడమని ఎవరూ బలవంతం చెయ్యరు, హాలు చూసి వచ్చేద్దాం అని నచ్చజెప్పి తీసుకెళ్ళేం.

ఇంక అసలు సంగతి. ఈ హాలు 1900 జనవరి 15న తెరిచేరు. కట్టించింది ఎడ్వర్డ్ మాస్ అని ఊరూరా థియేటర్లున్న ఆసామి, కట్టింది ఫ్రాంక్ మాచమ్, ఇంగ్లండులో ఆ రోజుల్లో థియేటరంటే ఆయన పేరే చెప్పేవారు. మన రాజమండ్రిలో ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజంలో ప్రకాశం పంతులుగారు ఆడవేషాలు కట్టిన రోజులు దానికి ఓ పదేళ్ళు ముందువి, అంటే రెండుచోట్లా ఇంచుమించు ఒకే కాలం, ఇక్కడ తాటాకు పందిరి కింద దివిటీ వెలుగులో నాటకం, అక్కడ ఈ మేడ. మొదట్లో ఇది సర్కసూ నాటకం కలిసిన హాలు. మధ్యలో గుండ్రటి రింగు, ఆ రింగు నేలంతా కిందికి దిగిపోయేది, దిగేక అందులోకి నీళ్ళు వచ్చేవి. లక్ష గ్యాలన్ల తొట్టి అండి! లెక్క కడితే నాలుగున్నర లక్షల లీటర్లు. మనకిది పెద్ద లెక్కేం కాదు, ఎకరం రొయ్యల చెరువులో నాలుగడుగుల నీళ్ళుంటే దాదాపు యాభై లక్షల లీటర్లు, అందులో పదో వంతు కూడా లేదు. కానీ ఊరి నడిబొడ్డున, జనం కుర్చీల్లో కూచునుండగా, అప్పటిదాకా గుర్రాలు పరిగెత్తిన నేల చెరువైపోతే ఎలా ఉంటుందో చూడండి. ధవళేశ్వరం లాకుల్లో నీళ్ళు ఎక్కడం, దిగడం చూస్తూ పెరిగిన వాణ్ణి కాబట్టేమో నాకు ఆ సంగతి వినగానే ఒళ్ళు జలదరించింది.

చార్లీ చాప్లిన్ పదకొండేళ్ళప్పుడు ఇక్కడే పిల్లి వేషం వేసేడు, 1900 క్రిస్మస్‌కి ఆడిన సిండ్రెల్లా నాటకంలో. ఆ నీళ్ళ సీను గురించి పెద్దయ్యేక రాసుకున్నాడు. డాన్సు పిల్లలు వరసలు వరసలుగా నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళి మునిగిపోయేవారంట, ఆఖరి వరస కూడా మునిగేక మార్సెలీన్ అనే జోకరు వచ్చి పీట మీద కూచుని, నగల పెట్టె తెరిచి, గాలానికి వజ్రాలహారం ఎరగా కట్టి ఆ అమ్మాయిల కోసం నీళ్ళలోకి విసిరేవాడంట. చేపలు పట్టేవాళ్ళ మధ్య పుట్టేం కదా, ఆ ఊహ ఎంత ముద్దుగా ఉందో మనకే బాగా తెలుస్తుంది.

ఇంకోటి, 1904 మార్చి 17న హుడినీ అని, ఎలాంటి సంకెళ్ళేసినా విప్పుకుని బయటపడే ఇంద్రజాలికుడి పందెం జరిగింది ఈ హాల్లోనే. ఒక పేపరు వాళ్ళు సవాలు విసిరేరు, బర్మింగ్‌హామ్ కమ్మరి అయిదేళ్ళు కష్టపడి చేసిన బేడీలు వేసేరు. మధ్యలో కోటు విప్పుకుంటాను ఒక్కసారి బేడీలు తియ్యండంటే ఒప్పుకోలేదు, చిన్న చాకు పళ్ళతో పట్టుకుని కోటు కోసుకున్నాడంట. గంటా పది నిమిషాలకి బయటపడ్డాడు, సుమారు నాలుగు వేల మంది జనం భుజాల మీద మోసేరంట. ఆ స్టేజి ఇదే కదా అనుకుంటూ నేను ఓ పది నిమిషాలు అక్కడే నిలబడిపోయేను.

1909లో సర్కసు రింగు తీసేసి కుర్చీలు వేసి పూర్తిగా వెరైటీ థియేటర్ చేసేరు. వెరైటీ అంటే మన తీర్థం రాత్రి లాంటిదే అనుకోండి, ఒక టికెట్టు మీద పాట, ఇంద్రజాలం, కామెడీ, డాన్సు, జంతువుల ఆటలు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి తమ ముక్క ఆడి వెళ్ళిపోవడం. 1919లో అమెరికా నించొచ్చిన జాజ్ బ్యాండు కూడా లండన్‌లో ముందు వాయించింది ఇక్కడే. తర్వాత సినిమా, రేడియో, టీవీ వచ్చి వెరైటీని తినేసినయి, మన నాటకాలకి జరిగిందే. 1958లో లోపలంతా మార్చేసి భోజనం చేస్తూ షో చూసే క్లబ్బు, 1982 దాకా అదే, ఆ తర్వాత డిస్కో. మళ్ళీ మాచమ్ డిజైన్ ప్రకారం తీర్చిదిద్ది 2012 జూలైలో కాసినోగా తెరిచేరు.

ఇప్పుడు చూడాల్సింది బాల్కనీ అండి. కింద నించుని తలెత్తి చూడండి, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. స్టీలు దూలాలు వెనక గోడల్లో బిగించి ముందుకి చాచడం మాచమ్ పద్ధతి, దానివల్ల ఏ కుర్చీలో కూచున్నా అడ్డం ఉండదు. మన పాత సినిమా హాళ్ళలో స్తంభం వెనక సీటొస్తే సగం బొమ్మే కనపడేది, గుర్తుందా? పై వరసలో హీలియట్ అని హోటలుంది, ఇక్కడ సింహాలని ఆడించిన క్లేర్ హీలియట్ అనే జర్మన్ ఆవిడ పేరంట. స్టీకులకి పేరున్న చోటు, గొడ్డుమాంసం తిననివాళ్ళు ముందే మెనూ చూసుకోండి. మేం కాఫీతో సరిపెట్టుకున్నాం.

జూదం నాకు పడదు, కాబట్టి ఆటల గురించి రాయను. హాలుకి మాత్రం అయిదుకి అయిదు. జనం తక్కువుండే పొద్దుటి పూట వెళ్ళండి, ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

మా ఊళ్ళో బాబాయి ఆడిన హాలు కొబ్బరికాయల గోడౌనయ్యింది, తర్వాత పడగొట్టేసేరు, ఇప్పుడక్కడ ఖాళీ స్థలం. పేరు మారినా పని మారినా ఆ బాల్కనీ ఒక్కటీ ఉంచితే చాలునని నాకు అక్కడే అనిపించింది. ఇంటికొచ్చి వీడియో చూపిస్తే ఆయన అడిగింది ఒకటే, "అంత పెద్ద హాల్లో పద్యం ఎత్తుకుంటే వెనక నేల టికెట్టు వాడికి వినపడుద్దేంట్రా?" మైకుల్లేని రోజుల్లో కట్టిందే కదా బాబాయ్, వినపడే ఉంటుంది అన్నాను. జూదం మిషన్ల మోత అడ్డమొస్తోందని ఫోను సౌండు తీసేయించి, బాల్కనీ ఉన్న ముక్క ఒక్కటీ మళ్ళీ పెట్టమన్నారు.