చెన్నై చెమ్మలో గోడ పటాలు: అల్యూమినియం పట్టాతో నా అనుభవం

తిరువాన్మియూరులోని మా ఇంటి హాల్లో పటాలన్నీ పైకప్పు కింద బిగించిన అల్యూమినియం పట్టా నుంచి తీగలతో వేలాడుతున్నాయి. మేకు కొట్టే పని లేకుండా పటాన్ని ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చని దీన్ని వేయించాను. ఇన్నేళ్లు వాడిన తర్వాత మాత్రం పటానికీ గోడకూ మధ్య ఇది వదిలే సందే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తోంది.

ఆ సంగతి 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకు బయటపడింది. ఈశాన్యపు జల్లు నేరుగా కొట్టే మా బయటి గోడ హాలుకూ పడకగదికీ ఒకటే. రెండు చోట్లా చెమ్మ ఊరి, పుట్టీ బుడగలుగా లేచి, పెచ్చులు రాలాయి. పడకగదిలో మేకుకు తగిలించిన మా పెళ్లి ఫొటో గోడకు అంటుకుపోయి ఉంది. వెనక అట్ట మెత్తబడి బూజు పట్టింది, ఫొటో పైపొర తడికి సాగి అద్దానికి అతుక్కుపోయింది. ఒక మూల పట్టి లాగితే మా అత్తగారి భుజం దగ్గరి రంగు అద్దం మీదే ఉండిపోయింది. హాల్లో అదే గోడ మీద, నానమ్మ నుంచి వచ్చిన లక్ష్మీదేవి పటం ఉంది. అది రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయంలో అచ్చయిన కాగితం. భయపడుతూనే దించి చూస్తే వెనక అతికించిన ఖాకీ కాగితం కూడా పొడిగా గరగరలాడింది.

కారణం పటం వాలులో ఉంది. తీగ తగిలే రింగు చట్రం పై అంచుకు కొంత కిందగా ఉంటే పటం తల ముందుకు వాలుతుంది. రింగు ఎంత కిందకు దిగితే వాలు అంత పెరుగుతుంది. పటాలు కట్టే ఆయన చేత రింగులను పై నుంచి మూడోవంతు దగ్గర బిగింపించి, కింది మూలలకు రబ్బరు బొత్తాలు అతికించాను. దాంతో పైన రెండు వేళ్లు పట్టే సందు ఏర్పడింది, కింద కూడా గాలి దూరుతుంది. పాత ఇళ్లలో గుమ్మం పైన పటాన్ని కింద రెండు మేకుల మీద ఆనించి, పైన తాడు కట్టి ముందుకు వంచేవారు. కింద నిలబడినవారికి బాగా కనిపించడానికే అనుకునేదాన్ని, కానీ చెమ్మ నుంచి పటాన్ని అది ఎంతగా కాపాడేదో ఇప్పుడు అర్థమవుతోంది.

కొత్తలో ఈ పట్టాను బంధువులందరికీ గట్టిగా సిఫారసు చేశాను. ఇప్పుడు చెప్పవలసి వస్తే కొన్ని షరతులు చేరుస్తాను. దీంతో వచ్చిన నైలాన్ తీగ తేలికపాటి ఫొటోలకు సరిపోయింది గాని, చెక్క పలక మీద వేసి టేకు చట్రంలో బిగించిన తంజావూరు పటం బరువుకు సాగి, పటం కొద్దికొద్దిగా కిందకు దిగింది. దాని బదులు వేసిన ఉక్కు తీగకు సముద్రపు గాలి వల్ల బిగింపు దగ్గర తుప్పు పట్టి గోడ మీద చార దిగింది. ఉప్పుగాలిని తట్టుకొనే 316 రకం స్టెయిన్‌లెస్ తీగ వేశాకే ఆ బెడద తీరింది, కానీ ఖర్చు పెరిగింది. ఒంటి తీగ మీద వేలాడే పటం ఫ్యాను గాలికి పక్కకు తిరుగుతుంది కనుక ఎంత చిన్నదానికైనా రెండు తీగలు తప్పవు. ఇక జరుపుకొనే సౌకర్యమంటారా, ఉంది. అమరిక ఒకసారి కుదిరాక దాన్ని వాడుకొన్న సందర్భాలు తక్కువ.

మాది సొంత ఇల్లు, గోడ వానకు ఎదురుగా ఉంది, పటాలలో పాత కాగితాలు ఉన్నాయి. అందువల్ల మాకు ఇది ఉపయోగపడింది. కాంక్రీటు దూలానికి వరుసగా రంధ్రాలు వేయాలి కాబట్టి అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకోవడం కష్టం. పొడిగా ఉండే లోపలి గోడ మీద నాలుగైదు ఫొటోలే పెట్టుకొనేవారికి మేకులే చాలు. పడకగదికి కూడా పట్టా వేయించాలని ఉంది గాని, ముందు బయటి గోడకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నాను. సందు పటాన్ని కాపాడుతుందే తప్ప గోడలోకి దిగే నీటిని ఆపదు.